పచ్చ అట్ట పుస్తకంలో పంతొమ్మిది రోజులు

"మీ అమ్మకి కూడా చెప్పకుండా నీలో నువ్వే దాచుకున్న మాట ఒకటి ఉంటుంది కదా, ఝాన్సీ. అదేమిటో నాకు చెప్పక్కర్లేదు. ఉందో లేదో చెప్పు, చాలు."

డాక్టర్ మృదుల ఏడాదిగా అడుగుతున్న ప్రశ్నే అది. ఎత్తు బల్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుతున్న ఝాన్సీ కళ్ళు పైకెత్తి ఆలోచించింది. పదిహేడేళ్ళ పిల్ల, తల్లి కంటే జానెడు పొడుగు. రెండు జడలూ రిబ్బన్లతో మడిచి కట్టుకుంది.

"లేదండి," అంది నవ్వుతూ. "ఉంటే సెప్పనేటండి?"

గోడవార కుర్చీలో ఉన్న గౌతమి తల దించుకుంది. ఆమె ఝాన్సీకి చెల్లెలు, మూడేళ్ళు చిన్న. పక్కన తల్లి నరసమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. జీడిపిక్కలు కొట్టి కొట్టి పాకిన నల్లటి మరకలు అవి, ఎంత తుడిచినా పోవు. తండ్రి తవిటయ్య గుమ్మంలోనే నిలబడ్డాడు.

డాక్టర్ తెరను వాళ్ళ వైపు తిప్పింది. నేలబారుగా సాగే గీత ఒకటి, మధ్యలో ఒక్కచోట మాత్రం కొండలా లేచింది.

"ఝాన్సీ చెవి వెనక బిళ్ళ ఉన్న మూడేళ్ళలో తల లోపలి మార్పుల గీత ఇది. ఇక్కడ చూడండి, మూడేళ్ళ కిందటి ఆగస్టు. పంతొమ్మిది రోజులు లేచి పడిపోయింది. జ్వరం వచ్చినా గీత ఇలాగే లేస్తుంది. ఇంటి పుస్తకంలో ఏమీ రాసి లేదు కాబట్టి అప్పుడు జ్వరమనే అనుకున్నాం." ఆమె గొంతు తగ్గింది. "ఆ రోజుల్లో ఇంట్లో ఏమైనా జరిగిందా? ఎవరికైనా గుర్తుందా?"

"మూడేళ్ళ నాటి మాట మాకేటి గుర్తుంటాదమ్మా," అన్నాడు తవిటయ్య.

డాక్టర్ గౌతమి వైపు చూసింది. గౌతమి నోరు తెరిచింది. తల అడ్డంగా ఊపింది.

*

పలాసకి ఆవల, చినమెట్ట ఊరి చివర ఆ కేంద్రం పెట్టినప్పుడు గౌతమికి పదేళ్ళు. పదిమంది పిల్లల్ని ఎంచుకున్నారు. పదమూడేళ్ళ ఝాన్సీ వాళ్ళలో ఒకతె. కందిబద్దంత బిళ్ళ, చెవి వెనక అంటిస్తారు, వారానికోసారి మారుస్తారు. దాన్ని ఊళ్ళో అందరూ చెవిబిళ్ళ అనేవారు.

దాని సంగతి డాక్టర్ తోటలోకి వచ్చి చెప్పింది. అప్పుడు తవిటయ్య జీడిచెట్ల మీద ఎక్కువైన కొమ్మల్ని కత్తితో కొడుతున్నాడు.

"పిల్లల తలలోనూ ఈ పని జరుగుతుందండీ. పన్నెండు పదమూడేళ్ళొచ్చేసరికి మెదడు తన కొమ్మల్ని తనే కత్తిరించుకుంటుంది. అక్కర్లేనివి పోతాయి, ఉండాల్సినవి గట్టిపడతాయి. ఆ కత్తిరింపు జరిగినన్నాళ్ళూ పిల్లలకి కోపం, ఏడుపు, సిగ్గు. చదువు మీద మనసు నిలవదు. ఈ బిళ్ళ ఆ పనిని కొన్నేళ్ళు వాయిదా వేస్తుంది. చిన్నపిల్లల జ్ఞాపకశక్తి అలాగే ఉంటుంది, చదివింది చదివినట్టు నిలుస్తుంది. పరీక్షలయ్యాక తీసేస్తాం. ఆగిన పని అప్పుడు మొదలవుతుంది."

తవిటయ్య కత్తి ఆపాడు. "ఆపితే సెట్టు ఊరుకుంటాదేటమ్మా?"

"ఊరుకోకపోవచ్చు. బిళ్ళని తోసుకుని మొదలైతే మాత్రం ఆ రోజే తీసేయాలి. మొదలైన పనిని బిళ్ళ మళ్ళీ నొక్కేస్తే, ఇక అది లేస్తుందో లేదో మాకూ తెలీదు." చేతిలో ఉన్న పచ్చ అట్ట పుస్తకం చూపించింది. "అందుకే ఇది. రోజూ ఒక వాక్యం రాయాలి. పిల్ల ఏదైనా దాచుకుంటోందా, ఎదురు చెప్తోందా, ఒక్కతే ఉండాలంటోందా. అలాంటివి కనిపిస్తే వెంటనే మాకు ఫోన్ చెయ్యాలి. ఎవరు రాస్తారు?"

తల్లికీ తండ్రికీ రాత రాదు. డాక్టర్ కళ్ళు కొమ్మలేరుతున్న గౌతమి మీద ఆగాయి.

"నువ్వూ అక్కా ఒకే చాప మీద పడుకుంటారా?"

"మా అప్ప పక్కనే," అంది గౌతమి.

"అయితే నీకు తెలిసినంత ఎవరికీ తెలీదు."

అలా పుస్తకం గౌతమి చేతికి వచ్చింది. దస్తూరి గుండ్రంగా ఉండేది. ఒక్క కొట్టివేత లేకుండా రాసేది. మొదటి ఏడాది చివర, పదిళ్ళ పుస్తకాల్లో శుభ్రమైనది అదేనని కేంద్రంవాళ్ళు ఆమెకి ఇంకుపెన్ను బహుమతి ఇచ్చారు.

ఆ ఏడాది ఇల్లు పండగలా ఉండేది. ఝాన్సీ పుస్తకం ఒకసారి చదివితే చాలు. బడి నుంచి రాగానే వాకిట్లో అప్పచెల్లెళ్ళిద్దరూ జీడిపిక్కలాటకి కూర్చునేవారు. పిక్కలు వరసగా పేర్చి, దూరం నుంచి పెద్ద పిక్కతో కొట్టాలి. కొట్టినవి కొట్టినవాళ్ళవి. ఝాన్సీ ఎప్పుడూ గెలిచేది. గెలిచినవన్నీ మళ్ళీ చెల్లి ఒళ్ళో పోసేది.

వీధిలో మిగతా అప్పలు ఒక్కొక్కరే ఆట మానేస్తున్నారు. ఎదురింటి లతప్ప అద్దం ముందు నుంచి కదలడం లేదు. "మా అప్ప నన్ను దగ్గరికి రానీదే, పో అంతాది," అని లత చెల్లెలు చిట్టి ఏడ్చేది. గౌతమి ఆ ఏడుపు విని లోలోపల గర్వపడేది. మా అప్ప అలా అనదు, చెవి వెనక బిళ్ళ ఉంది కదా.

*

తర్వాతి ఆగస్టులో ఝాన్సీ ఆ మాట అంది.

వాన వెలిసిన సాయంత్రం. గౌతమి పిక్కలు పేర్చి పిలిచింది. ఝాన్సీ పెరటి అరుగు మీద మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చుంది.

"అప్పా, రా. నీదే మొదటి దెబ్బ."

"నువ్వాడుకో."

"ఒక్కదాన్ని ఎలగాడతాను?"

"పోవే! ఎప్పుడు సూసినా పిక్కలు, పిక్కలు. నీతో ఆడ్డానికి నేనేటి సిన్నగుంటనా?"

గౌతమికి చెంప మీద కొట్టినట్టయింది. ఇంట్లోకి పరుగెత్తింది. పుస్తకం తీసింది. రాయాల్సింది ఏమిటో ఆమెకి తెలుసు. ఈ రోజు అప్ప నన్ను పొమ్మంది. రాస్తే కేంద్రంవాళ్ళు వస్తారు, బిళ్ళ తీసేస్తారు. తీసేస్తే అప్ప లతప్ప అయిపోతుంది. ఇక ఎప్పటికీ వాకిట్లోకి రాదు.

ఇంకుపెన్నుతో గుండ్రంగా రాసింది. "ఈ రోజు ఏమీ లేదు. అప్ప నాతో ఆడింది."

మర్నాడు ఝాన్సీ అన్నం ముందు తల్లికి ఎదురు చెప్పింది. ఆ మర్నాడు ఎక్కడి నుంచో ఒక బిస్కెట్ల రేకు డబ్బా సంపాదించి, దానికి చిన్న తాళం వేసింది. "ఏటుందప్పా అందులో?" అంటే మాట్లాడలేదు. తాళంచెవి జాకెట్టుకి పిన్నీసుతో గుచ్చుకుంది. ఒకరోజు జీడిబట్టీలో పని ముగించుకుని నల్లచేతులతో బడి ముందుకి వచ్చిన తల్లిని చూసి, తోటి పిల్లల మధ్య నుంచి ముఖం తిప్పుకుని వెళ్ళిపోయింది. ఇంటికొచ్చాక పాక వెనక కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

గౌతమి అన్నీ చూసింది. అన్ని రోజులూ ఒకే వాక్యం రాసింది. గురువారాలు నర్సు వచ్చి, పుస్తకం మీద సంతకం పెట్టి, కొత్త బిళ్ళ అంటించి వెళ్ళింది.

ఇరవయ్యో రోజు పొద్దున్న ఝాన్సీ తనే ఒడి నిండా పిక్కలు తెచ్చింది. ముఖం కడిగిన పలకలా ఉంది.

"ఆడదామేటే?"

గౌతమి ఎగిరి గంతేసింది. అప్ప తిరిగొచ్చిందనుకుంది. తాళంచెవి ఆ రోజునుంచి దేవుడి గూట్లో, అగ్గిపెట్టె పక్కన, అందరికీ కనిపించేలా పడి ఉంది. డబ్బాని ఎవరూ తెరవలేదు.

*

ఝాన్సీకి పదహారేళ్ళు వచ్చాక బిళ్ళ తీసేశారు. ఆగిన పని మొదలవుతుందని ఎదురుచూశారు.

మిగతా తొమ్మిదిమందికీ ఎప్పుడో మొదలైంది. ఇళ్ళలో పుస్తకం రాసినవాళ్ళు ఉన్నదున్నట్టు రాశారు, ఫోన్లు చేశారు, ఒక్కొక్కరికీ మధ్యలోనే బిళ్ళ తీసేశారు. సింహాద్రిగారి వంశీ రెండుసార్లు పరీక్ష తప్పి, ఇంట్లో చెప్పకుండా రైలెక్కి బరంపురం పోయి మూడోరోజు తిరిగొచ్చాడు. వాళ్ళమ్మ కేంద్రానికి వచ్చి లబోదిబోమంది. డాక్టర్ ఆమె చేతులు పట్టుకుని, "మంచిదేనమ్మా, మంచిదే," అంది. "పిల్లడు పారిపోతే మంచిదంతాదేటి ఈవిడ!" అని నరసమ్మ ఊరంతా చెప్పి నవ్వింది.

ఈ జూలైలో ఝాన్సీ విశాఖలో పెద్ద కాలేజీలో చేరింది. ప్రవేశ పరీక్షలో జిల్లాకే మొదటిది. ఇరవై రోజులకి వార్డెన్ ఫోన్ చేసింది, వచ్చి తీసుకెళ్ళమని. పిల్ల చెడ్డది కాదు, అదే బాధ, అందామె. ఎవరు ఏమడిగితే అది ఇచ్చేసింది. దుప్పటి, ఫోను, చెవిపోగులు. గదిలో పిల్లలు నమ్మి చెప్పుకున్న మాటలన్నీ భోజనాల బల్ల దగ్గర అందరికీ చెప్పేసింది. ఎవరో వేళాకోళానికి ఎండలో నిలబడమంటే పొద్దుగూకేదాకా నిలబడింది. సొమ్మసిల్లి పడిపోయాక కూడా వాళ్ళ మీద కోపం రాలేదు. "నిలబడమన్నారు కదమ్మా," అంది.

అప్పటినుంచి ఇంట్లోనే ఉంది. చెప్పిన పని చేస్తుంది. సాయంత్రం పిక్కలు పేరుస్తుంది.

గౌతమికి ఇప్పుడు పద్నాలుగు. ఆమెకి చెవిబిళ్ళ లేదు.

డాక్టర్ తెర మీద గీతను చూపించిన మర్నాడు నరసమ్మ వంటింట్లో అంది, "అన్నం తిని కంచం కడగమన్నాను, ఇనపడనేదేటి? మీ అప్పని సూసి నేర్సుకో. ఒక్క ఎదురుమాట ఉంటాదా దానికి?"

గౌతమి ఒళ్ళు ఒక్కసారిగా మండిపోయింది.

"నన్నొగ్గీ! నాను అప్పని కాను!"

కంచం విసిరేసినట్టు పెట్టి, పాక వెనక్కి పోయి కూర్చుంది. ఏడుపు ఎందుకొస్తోందో తెలియలేదు. ఎవరైనా వచ్చి పక్కన కూర్చుంటే బాగుండును అనిపించింది. ఎవరైనా వస్తే కసిరి పంపేయాలనీ అనిపించింది. రెండూ ఒకేసారి. చెంపలు తుడుచుకుంటూ చుట్టూ చూసింది. మూడేళ్ళ కిందట అప్ప కూర్చున్న చోటు ఇదే. గోడకి వీపు ఆనించి ఇలాగే కూర్చుంది.

ఆ రోజుల్లో అప్ప తన నుంచి దూరంగా పోతోందనే గౌతమి అనుకుంది. ఎక్కడికి పోతోందో ఇప్పుడు తను అదే దారిలో నడుస్తూంటే తెలిసింది. ఆ దారి అవతల మళ్ళీ ఒక అప్ప ఉండేది. పెద్ద అప్ప, దెబ్బలాడి మళ్ళీ మాట్లాడే అప్ప. లతప్ప అలాగే వచ్చింది. మొన్న చిట్టికి జ్వరమొస్తే పగలంతా ఒళ్ళో పడుకోబెట్టుకుంది. తన అప్పని మాత్రం తనే మధ్యదారిలో ఆపేసింది, ఒక గుండ్రటి వాక్యంతో.

*

ఆ తర్వాతి గురువారం డాక్టర్ గదిలో, ఝాన్సీని బయట నర్సు దగ్గర కూర్చోబెట్టాక, గౌతమి లేచి నిలబడింది.

"జ్వరం రాలేదండి," అంది. "నేను అబద్ధం రాసేను."

చెప్పడం మొదలెట్టాక ఆగలేదు. పొమ్మన్న సాయంత్రం, డబ్బా, తాళం, బడి ముందు అమ్మని చూసి తిప్పుకున్న ముఖం. అన్నీ చెప్పింది. తవిటయ్య గుమ్మం పట్టుకుని బయట తుంపర వైపు చూస్తున్నాడు.

నరసమ్మ చెయ్యెత్తింది. కొడుతుందేమోనని గౌతమి కళ్ళు మూసుకుంది. ఆ చెయ్యి వచ్చి తల మీద ఆగింది, బరువుగా.

"రాసిందని దీన్నొక్కదాన్నే ఏటంతాం," అంది నరసమ్మ. "నాకు కళ్ళు నేవేటి? బడికాడ నన్ను సూసి మొకం తిప్పీసింది. పాక ఎనకాల ఏడిసింది. అన్నీ సూసేను. నాలుగు రోజులు పోతే బిళ్ళే సర్దుతాదని ఊరుకున్నాను. పిల్ల మల్లీ మంచిదయిపోనాదని కొబ్బరికాయ కొట్టేను."

డాక్టర్ అంది, "పదేళ్ళ పిల్ల చేతిలో పుస్తకం పెట్టింది నేను. అప్పని పోగొట్టుకోవాలా వద్దా అని ఆ పిల్లనే రోజూ అడిగినట్టయింది. అది నాకు తట్టలేదు. పైగా పెన్ను బహుమతి ఇచ్చాను."

"ఇప్పుడేటి సెయ్యలేమా?" అని తవిటయ్య ఇటు తిరగకుండానే అడిగాడు.

"ప్రతి గురువారం అదే ప్రశ్న అడుగుతున్నది అందుకేనండీ. ఎప్పుడైనా 'ఉంది' అంటుందేమోనని."

తోటలో ఎవరో కొమ్మలు కొడుతున్న చప్పుడు కిటికీలోంచి వినిపిస్తోంది. తవిటయ్య అది వింటూ నిలబడ్డాడు. "అదను దాటిపోనాక కత్తి పెట్టకూడదు. సెట్టు సస్తాది," అన్నాడు తనలో తనే. ఆటో పిలుచుకొస్తానని తుంపరలోకి నడిచాడు.

డాక్టర్ సొరుగులోంచి పచ్చ అట్ట పుస్తకం తీసింది. "ఈ పంతొమ్మిది రోజులూ ఉన్నదున్నట్టు మళ్ళీ రాస్తావా, గౌతమీ? ఝాన్సీకి పనికిరాకపోవచ్చు. ఇంకెవరి చెవి వెనకా ఈ బిళ్ళ అంటించకుండా ఆపడానికి పనికొస్తుంది."

*

ఇంటికొచ్చి గౌతమి అరుగు మీద పుస్తకం తెరిచింది. మొదటి రోజు రాసింది. రెండో రోజు రాసింది. మూడో రోజు దగ్గర పెన్ను ఆగిపోయింది. ఆ రోజు అప్ప డబ్బాకి తాళం వేసింది. లోపల ఏముందో ఎవరికీ తెలీదు.

వాకిట్లో ఝాన్సీ పిక్కలు పేరుస్తోంది.

"అప్పా, నీ రేకు డబ్బా ఉండాలి కదా. బిస్కెట్లది."

"అటక మీదుంది. కావాలేటే?" ఝాన్సీ వెంటనే లేచింది. డబ్బా దింపి, దుమ్ము ఊది, దేవుడి గూట్లోని తాళంచెవి తెచ్చింది. తాళం తుప్పుపట్టి కొంచెం మొరాయించింది.

గౌతమి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆగు. నాను సూడొచ్చా? నువ్వు దాసుకున్నది కదా."

"సూస్తే ఏటయిపోతాది?"

మూత ఊడింది. లోపల విరిగిన నీలం గాజు, గులాబీ రంగు జేబురుమాలు, నాలుగు మడతలు పెట్టిన నోటుపుస్తకం కాగితం. ఝాన్సీ కాగితం విప్పి, బడిలో పాఠం అప్పజెప్పేటప్పటిలా నిటారుగా నిలబడి, పైకి చదవసాగింది.

"ఇది గౌతమికి చూపించకూడదు. ఎవరికీ చూపించకూడదు. ఈ రోజు అమ్మని చూసి సిగ్గుపడ్డాను. ఇంటికొచ్చాక సిగ్గుపడినందుకు సిగ్గేసింది. నాకేమవుతోందో తెలీదు. అందరూ నన్ను వదిలేస్తే బాగుణ్ణు. అందరూ నా దగ్గరికొస్తే బాగుణ్ణు. గౌతమిని పొమ్మన్నాను. దాని ముఖం చిన్నబోయింది. పాపం, దానికి నేను తప్ప ఎవరున్నారు. సారీ చెప్పాలంటే నోరు రావట్లేదు. కొన్నాళ్ళు పోనీ, నేను సర్దుకున్నాక దానికన్నీ చెప్తాను. అప్పుడు అదీ పెద్దదవుతుంది, దానికీ అర్థమవుతుంది."

చదవడం అయిపోయింది. ఎక్కడా తడబడలేదు, ఎక్కడా ఆగలేదు. కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

"నా దస్తూరే," అంది ఆశ్చర్యంగా. "నీకెందుకు సూపించకూడదనుకున్నానో?"

గౌతమి చెంపల మీద నీళ్ళు జారాయి.

"ఏడుస్తున్నావేటే? ఇందులో ఏడవడానికేటుంది?" ఝాన్సీ కంగారుగా కొంగు పట్టుకుని చెల్లి చెంపలు తుడిచింది.

గౌతమి ఆ కాగితాన్ని ఉన్న మడతల మీదే మళ్ళీ మడిచింది. డబ్బాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవిని అప్ప అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"ఇది నీది అప్పా. నీ ఒక్కదానిదే. ఇంకెవరికీ సదివి ఇనిపించకు. అమ్మకీ, డాక్టరమ్మకీ కూడా. ఎవరడిగినా ఇయ్యకు."

"అలగే," అని తల ఊపింది ఝాన్సీ, చెప్పిన ప్రతి మాటకీ ఊపినట్టే. తన పిడికిలి వైపు ఒక నిమిషం చూసుకుంది. గౌతమి ఆ ముఖంలోకే చూస్తోంది.

ఝాన్సీ వేళ్ళు విప్పి, తాళంచెవిని చెల్లి ఒళ్ళో పడేసింది.

"నువ్వే ఉంచు. నాకెందుకు?" అంటూ వాకిట్లోకి పరుగెత్తి, వరస చివర పిక్క సరిచేసి, పెద్ద పిక్క పైకెత్తి చూపించింది. "రావే! నీదే మొదటి దెబ్బ!"